వెనక బెంచీ అనువాదం

తొమ్మిదేళ్ళుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. చూడటానికి పెద్ద బరువేం కాదు. ఇంగ్లీషులో అయిదే మాటలు. జేబులో పెట్టుకుంటే జేబు కూడా ఉబ్బదు. అయినా దించుకోవడానికి ఇంతవరకు చోటు దొరకలేదు. ఇంట్లో చెబుదామంటే, మా ఆవిడ నేను మంచివాణ్ణన్న నమ్మకంతో పెళ్ళి చేసుకుంది. అందులో ఇంకా మిగిలిన కాస్తనీ పాడు చెయ్యడం దేనికని ఊరుకున్నాను. స్టాఫ్ రూములో చెబుదామంటే, అక్కడ నేను నోరు తెరవకముందే నవ్వేస్తారు. అందుకని మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. ప్రస్తుతానికి మీలో నాకు నచ్చిన గుణం అదొక్కటే.

నేను దేన్నీ గంభీరంగా చెప్పలేను. చావింట్లో కూడా నా నాలుక దురద పెడుతుంది. దీన్ని కూడా కన్నీళ్ళు వచ్చేలా చెప్పబోయి మధ్యలో నేనే గాలి తీసేస్తానని నాకు తెలుసు. నవ్వొస్తే నవ్వండి. కాకపోతే, నా తప్పు జరిగింది కూడా ఒక నవ్వు దగ్గరే.

అప్పుడు నాకు ఇరవయ్యారేళ్ళు. రాజమండ్రిలో ఒక యూనివర్సిటీ సెంటర్లో భూగోళశాస్త్రం లెక్చరర్‌గా చేరి రెండేళ్ళయింది. మా శాఖలో పెద్దాయన సుందర్రావు మాస్టారు. రామచంద్రపురం మనిషి. ఆదివారాలు వాళ్ళ లూథరన్ చర్చిలో చిన్నపిల్లలకి సండే స్కూలు చెప్పేవారు. పిల్లల్ని గంటసేపు కదలకుండా కూర్చోబెట్టాలంటే నోటితో పాటు చేతులూ కాళ్ళూ కూడా పాఠం చెప్పాలి. ఆ కిటుకు అక్కడ నేర్చుకుని, ఎమ్మే క్లాసులో వాడేవారు. నది సముద్రంలో కలిసే చోట నేల ఎలా పుడుతుందన్నది ఆయన పాఠం. డెల్టా అంటే ఆయనకి ప్రాణం. కానీ ఆయన కళ్ళారా చూసిన డెల్టా మనదొక్కటే.

ఆ ఏడు హాలండ్‌లోని ఒక యూనివర్సిటీతో మాకు ఒప్పందం కుదిరింది. వాళ్ళ లెక్చరర్ ఒకరు వచ్చి వారం రోజులు మా క్లాసులు చూస్తారు. ఆ తర్వాత మా లెక్చరర్ ఒకరు అక్కడికి వెళ్ళి నెల రోజులు పాఠాలు చెప్పి రావాలి. హాలండ్ అంటే గట్లు కట్టి, నీళ్ళు తోడేసి, సముద్రం అడుగున సేద్యం చేస్తున్న దేశం. ఆ గట్ల గురించి మాస్టారు పుస్తకం చూసి పాతికేళ్ళకి పైగా పాఠం చెప్పారు. వెళ్ళాల్సింది ఆయనే, అందులో ఎవరికీ అనుమానం లేదు. ఆ జూన్‌లో ఆయన రిటైర్మెంట్. సర్వీసులో ఉన్నవాళ్ళే వెళ్ళాలన్నది రూలు. అంటే మొదటి అవకాశమూ అదే, ఆఖరిదీ అదే. కాగితం మీద రెండు పేర్లు ఉండాలి కాబట్టి రెండోది నాది రాశారు. పెళ్ళిచూపులకి పెళ్ళికొడుకు వెంట ఒక స్నేహితుడు వెళ్తాడు చూశారా, అలాగన్నమాట. స్వీటు తిని రావడం తప్ప వాడికి వేరే పనుండదు.

మాస్టారి భార్య అప్పుడే స్వెట్టర్ అల్లడం కూడా మొదలుపెట్టారు. రాజమండ్రి ఉక్కలో, ఫ్యాను కింద, ఒళ్ళో ఊలు ఉండ పెట్టుకుని. చూసినవాళ్ళకే చెమటలు పట్టేవి.

హాలండ్ నుంచి వచ్చినావిడ పేరు మార్‌గ్రీట్. ఆవిణ్ణి వారం రోజులు వెంటబెట్టుకు తిప్పే పని నాకు పడింది. రావులపాలెంలో అరటిగెలల రాశులు చూపించాను. లంకల్లో పడవెక్కించాను. నా జోకులకి ఆవిడ బాగా నవ్వేది. ఒక దొరసాని నవ్వుతుంటే మనిషికి తన మీద తనకి ఎంత గౌరవం పెరుగుతుందో మీకు తెలియకపోతే మీరు అదృష్టవంతులు.

మాస్టారి క్లాసు గురువారం. మాది కాగితం మీద ఇంగ్లీషు మీడియమే. బుర్రకెక్కాల్సింది తెలుగులోనూ, పరీక్షలో రాయాల్సింది ఇంగ్లీషులోనూ చెప్పేవాళ్ళం. ఆ రోజు మాత్రం మొత్తం ఇంగ్లీషులోనే చెప్పమని డైరెక్టరు గారు అడిగితే మాస్టారు ఒప్పుకోలేదు. రోజూ చెప్పేదే చెప్తాను, వెనక బెంచీలో ఆవిడ పక్కన మావాణ్ణి కూర్చోబెట్టండి, ఇంగ్లీషులో నాకన్నా బాగా చెప్తాడు అన్నారట. మావాడంటే నేను.

రెండో పేరున్నవాణ్ణి మొదటి పేరున్నాయనకి దుబాసీగా పెట్టకూడదని ఎవరికీ తట్టలేదు. నాకు కూడా తట్టలేదు. నిజంగా తట్టలేదా? బస్సులో, స్నానం చేస్తూ, పేపర్లు దిద్దుతూ ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో. ఒక్కోసారి తట్టలేదనే అనిపిస్తుంది. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్ళానన్న సంగతి గుర్తొచ్చినప్పుడు మాత్రం అలా అనిపించదు.

ఆ పాఠం మీకు చెప్పాలి. మాస్టారు తువ్వాలు భుజాన వేసుకుని, కూతురింటికి సారె మోసుకెళ్తున్న తండ్రిలా నడవడం మొదలుపెట్టారు. భుజమ్మీద అరటిగెల. చేతిలో బూరెల బుట్ట. జేబులో మనవరాలికి పంచదార చిలకలు. బస్సు దిగినప్పుడు నడక జోరుగానే ఉంది. వీధి మొదటికి వచ్చేసరికి కాళ్ళు లాగాయి, గెల అరుగు మీద దించేశారు. గుమ్మంలోకి వచ్చేసరికి ఆయాసం, బుట్ట అక్కడ పెట్టేశారు. జేబులో చిలకలు మాత్రం లోపలిదాకా వెళ్ళాయి. నది కూడా అంతేనర్రా, అన్నారు. నడక తగ్గేకొద్దీ మోసుకొచ్చింది దించేస్తుంది. ముందు బరువైన రాళ్ళు, తర్వాత ఇసుక, సన్నటి ఒండ్రు మాత్రం సముద్రం గుమ్మం దాకా. మనం దున్నుకుంటున్నది ఆ పంచదార చిలకల్నే.

క్లాసు గొల్లుమంది. ఆయాసపడుతున్న ఆ తండ్రిలో ప్రతివాడికీ వాళ్ళ తాతయ్య కనిపించాడు. నవ్వుతూనే పెన్నులు తీశారు. అక్కడ నాకు గుచ్చుకుంది. నా క్లాసులోనూ నవ్వేవాళ్ళు, నవ్వి మర్చిపోయేవాళ్ళు. ఆయన క్లాసులో నవ్వి, రాసుకుంటున్నారు. ఆ బిల్డింగులో హాస్యగాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను రెండేళ్ళుగా.

అప్పటికే నా అనువాదం పలచబడింది. తండ్రి, అరటిగెల, చిలకలు, అన్నీ మింగేసి, నది వేగం తగ్గినప్పుడు అవక్షేపాలు నిలుస్తాయి అని పుస్తకంలో ముక్క చెప్పాను. అది అబద్ధం కాదు. అందులో ప్రాణం మాత్రం లేదు. అప్పుడు మార్‌గ్రీట్ నా వైపు వంగి, ఎందుకు నవ్వుతున్నారు వీళ్ళు, అని అడిగింది.

ఆయన్ని చూసి నవ్వుతున్నారు, అన్నాను.

ఇంతే. ఇంగ్లీషులో ఆ అయిదు మాటలు ఇవే.

ఆవిడ మొహంలో జాలి కనపడింది. నోట్‌బుక్ తీసి ఏదో రాసుకుంది. పెన్ను ఆగేదాకా నాకు టైముంది. కాదండీ, పొరపాటు చెప్పాను అంటే సరిపోయేది. పెన్ను తాపీగానే నడిచింది, పాపం, చాలా అవకాశమిచ్చింది. నేను బోర్డు వైపు చూస్తూ కూర్చున్నాను. నోరు జారిందని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. కానీ నా సంగతి నాకు తెలుసు. నేను జోకు కూడా ముందురోజు రిహార్సల్ వేసుకుని చెప్పే రకం. నాది జారే నోరు కాదు.

నెల తర్వాత ఫ్యాక్స్ వచ్చింది. విద్యార్థులతో కలివిడిగా ఉండే యువ అధ్యాపకుణ్ణి పంపితే బాగుంటుందని రాశారు. మాస్టారు దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, మంచి పని చేశారు అన్నారు. మర్నాడు స్వెట్టర్ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. తనకి ఇక్కడ చలెక్కడ అన్నారు. అదేదో సినిమాలోలాగా చేతులు వణుకుతూ తీసుకున్నానని రాయాలని ఉంది. లేదు. సైజు చూసుకున్నాను. కొంచెం వదులు.

హాలండ్‌లో మొదటి వారం నా జోకులు ఒక్కటీ పేలలేదు. పిల్లలు మర్యాదగా చూస్తూ కూర్చునేవాళ్ళు. రెండో వారం డెల్టా పాఠం. ఏం చెయ్యాలో తెలియక, ఆయన స్వెట్టర్ మీదే మఫ్లరు భుజాన వేసుకుని, అరటిగెల మోస్తూ నడిచాను. వీధి మొదట్లో గెల, గుమ్మంలో బుట్ట, జేబులో చిలకలు. క్లాసు గొల్లుమంది. తర్వాత పెన్నులు తీశారు.

వెనక బెంచీలో మార్‌గ్రీట్ కూర్చుని ఉంది. ఆవిడ ఆ నడకని ఒకసారి చూసింది కదా, మాటల్లేకుండా. ఆ రోజు ఆయన చేసింది ఇదేనా, అని అడిగింది. అవునన్నాను. అయితే ఆ పిల్లలు, అని మొదలుపెట్టి ఆగిపోయింది. డచ్చివాళ్ళకి మొహమాటం ఉండదంటారు. నాకోసం నేర్చుకుంది. ఆ తర్వాత ఉన్న రెండు వారాలూ నా జోకులకి ఆవిడ నవ్వలేదు.

తిరిగొచ్చాను. సముద్రాన్ని తోడి తీసిన నేల నుంచి గుప్పెడు మట్టి తెమ్మని మాస్టారు అడిగారు. కెమెరా రీలు డబ్బాలో తెచ్చాను. ఆయన మూత తీసి, చిటికెడు వేళ్ళ మధ్య నలిపి, వాసన చూశారు.

"మన కాట్రేనికోన మట్టేనయ్యా ఇది! అచ్చం అన్నదమ్ములే."

"అవునండి. కాకపోతే వాళ్ళది కాస్త చదువుకున్న మట్టండి."

నవ్వి, మూత పెట్టి, నా వైపు వంగారు. "ఒక్కటి అడుగుతాను, దాచకుండా చెప్తావా?"

"అడగండి మాస్టారూ."

"ఆ రోజు క్లాసులో ఆవిడ నిన్నేదో అడిగింది, నేను చూశాను. సారెని ఇంగ్లీషులో ఏమన్నావయ్యా? అప్పట్నించీ ఆలోచిస్తున్నాను, నాకు మాట దొరకట్లేదు."

ఆయన కళ్ళలో అనుమానం లేదు. ఒక మాస్టారికి ఇంకో మాస్టారి దగ్గర ఉండే ఆత్రం, అంతే. అప్పుడు చెప్పాలి. తలుపు ఆయనే తీసి పట్టుకున్నారు.

"లగేజీ అన్నానండి."

కళ్ళజోడు తీసేసి మరీ నవ్వారు. "సారెని పట్టుకుని లగేజీ అంటావా! ఓరి నీ దుంప తెగ! మరి పంచదార చిలకల్నేమన్నావు?"

"హ్యాండ్ లగేజీ అండి."

నా జీవితంలో అంత బాగా పేలిన జోకు ఇంకోటి లేదు. రిటైర్మెంట్ సభలో ఆయనే మైకులో చెప్పారు. నా పాఠాన్ని మావాడు లగేజీ చేసేశాడండీ, అందుకే విమానం వాడెక్కాడు, అని. హాలంతా చప్పట్లు. నన్ను లేచి నిలబడమన్నారు. లేచి నిలబడ్డాను. నమస్కారం కూడా పెట్టాను.

మాస్టారు ఉన్నారు. రామచంద్రపురంలోనే. హాలండ్ ఒప్పందం రెండేళ్ళకే ఆగిపోయింది. ఆ గట్లు ఆయన చూడలేదు, ఇక చూడరు. రీలు డబ్బా టీవీ మీద ఉంటుంది, వచ్చినవాళ్ళకల్లా మూత తీసి చూపిస్తారు. నేను ఫోన్ చేస్తే, "ఎవరూ, లగేజీయేనా?" అంటారు. నేనేనండి అంటాను. చెప్పేద్దామని నాలుగుసార్లు బస్సెక్కి వెళ్ళాను. నాలుగుసార్లూ కాఫీ తాగి వచ్చాను. ఆ జోకు ఆయనకెంతో ఇష్టం, దాన్నెందుకు పాడుచెయ్యాలి అని బస్సులో నాకు నేను చెప్పుకుంటాను. ఆయన సంతోషం కోసమే ఆగుతున్నానా? లేక ఆ ఒక్క ఇంట్లోనైనా నేనింకా 'మావాడి'గానే ఉండాలనా? జవాబు నాకు తెలుసు. మీకూ తెలిసే ఉంటుంది.

ఆ రోజు మార్‌గ్రీట్ అడిగిన ప్రశ్నకి అసలు జవాబు ఇది. ఆయన బ్రహ్మాండంగా చెబుతున్నారు, వాళ్ళ తాతయ్యలు కళ్ళ ముందు నడుస్తున్నారు, అందుకని ఆయనతో కలిసి నవ్వుతున్నారు. అడిగినావిడ ఎక్కడో ఉంది. వినాల్సినాయన గంటన్నర దూరంలో ఉన్నారు. నేను మాత్రం మీకు చెబుతున్నాను. ఈ అనువాదం కూడా తప్పు మనిషి చెవిలోనే.

మాస్టారి లెక్కలో బరువైనది ముందు దిగాలి. నేను తేలికవన్నీ దారి పొడుగునా దించుకుంటూ వచ్చి, బరువైనదాన్ని మీ గుమ్మం దాకా మోశాను. ఎత్తుకోమని అడగను. కాసేపు అక్కడ ఉండనివ్వండి.