ధ్యానంలో హరిలాల్ అన్న

కళ్లు మూసుకుని అయిదు నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చోవడం హరిలాల్ అన్నకు చేతకాదు. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. శీర్షాసనం వేస్తాడు, మయూరాసనంలో కర్రలా నిలుస్తాడు. ధ్యానం మొదలైందంటే మాత్రం ఆయన నుంచి ఏదో ఒక చప్పుడు బయలుదేరుతుంది.

మా యోగా క్లాసు మిర్యాలగూడ చివర ఒక రైస్ మిల్లులో, వడ్లు ఆరబోసే గచ్చు మీద. ఆరింటికి చాపలు పరిస్తే, వడ్ల ట్రాక్టర్లు వచ్చేలోపు చుట్టేయాలి. నేర్పే అమ్మాయి పేరు వందన. "శ్వాసను గమనించండి" అంటుందామె. మేం గమనిస్తుండగానే హరిలాల్ అన్న తుమ్ముతాడు. ఆ తుమ్ముకు గచ్చు మీది పావురాలన్నీ లేచి, మిల్లు చుట్టూ ఒకసారి తిరిగి వస్తాయి. తుమ్ము లేని రోజు దగ్గు. దగ్గు లేని రోజు స్టీలు నీళ్ల సీసా చేయి జారి గేటు దాకా దొర్లుతుంది. ఒకరోజు ఇవేవీ లేవని మేం సంబరపడుతుంటే, "వందనమ్మా, ఇయ్యాల ఏం వారం?" అని అడిగాడు.

నాకు ఒళ్లు మండేది. నేను అక్కడికి వెళ్లేది మా దేవేందర్ బావ కోసం. నాలుగు నెలలుగా బావ గోడ వైపు తిరిగి పడుకునే ఉన్నాడు. సూర్యాపేటలో డాక్టరు అది డిప్రెషన్ అని చెప్పి, మాత్రలు రాసి, వాటితో పాటు యోగా, ధ్యానం కూడా చేయమన్నాడు. అక్క బతిమాలితే నేనే బండెక్కించుకుని తెచ్చేవాణ్ని. నలుగురూ తనను చూస్తే మళ్లీ రానని బావ ముందే షరతు పెట్టాడు. అందుకని ఆఖరి వరుసలో, గోడ పక్కన చాప. అలాంటి మనిషికి కాస్త ప్రశాంతత దొరకబోతుంటే ఈ తుమ్ములేమిటి?

మూడో వారం నేనే పదిమందిని కూడగట్టి వందనకు ఫిర్యాదు చేశాను. ఆమె మొహమాటపడుతూ ఆయనకు చెప్పింది. ఆయన నొచ్చుకోలేదు. ధ్యానమప్పుడు గేటు దగ్గర కూర్చుంటానని, చాప చంకన పెట్టుకుని తన స్కూటరు పక్కకు వెళ్లిపోయాడు.

ఆ నిశ్శబ్దానికి పావురాలు కూడా అనుమానపడ్డాయి. మూడు నిమిషాలైందో లేదో, నా పక్కన వెక్కిళ్ల చప్పుడు. బావ. నాలుగు నెలలుగా కంట చుక్క రాలని మనిషి మోకాళ్ల మీద తలపెట్టి, ఆపుకోలేక ఏడుస్తున్నాడు. ఆ నిశ్శబ్దంలో అది మైకు పెట్టినట్టు వినిపించింది. ముందు వరుసలో ఒక తల వెనక్కి తిరగబోయింది. ఆ తర్వాత ఇంకొకటి. ఇక బావ రేపటి నుంచి రాడనుకున్నాను.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర స్కూటరు హారన్ మొదలైంది. ఆగదే. తలలన్నీ అటు తిరిగాయి. హారన్ ఇరుక్కుపోయిందని అరుస్తూ, హరిలాల్ అన్న దాని మీద వేలు పెట్టి నొక్కుతూనే ఉన్నాడు. అందరూ ఆయన్ని తిట్టడం ముగించేసరికి బావ టవలుతో ముఖం తుడుచుకుని నిటారుగా కూర్చున్నాడు.

అప్పుడు నాకు వెలిగింది. ఆ పెద్ద తుమ్ము వచ్చిన రోజు మా క్లాసుకే వచ్చే సుగుణ టీచర్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. సీసా దొర్లిన రోజు మిల్లు గుమస్తా ముఖం కడుక్కోవడానికి లేచాడు.

సిగ్గుపడుతూ గేటు దగ్గరికి వెళ్లాను. "హారన్ ఇరకలేదు కద అన్నా?"

ఆయన గొంతు తగ్గించాడు. "రిటైరైన కొత్తల నాకు గిట్లనే అయింది తమ్మీ. క్లాసుల ఏడ్సిన. అందరు సూసిండ్రు. నెల దినాలు ఇల్లు దాటలె." చాప చుట్టుకుంటూ, "మనిషిని ఏడ్వనియ్యాలె. మనం జర సప్పుడు చేస్తే సాలు," అన్నాడు. బావకు చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్నాడు.

 తిరుగు దారిలో బావ, "పానం జర తేలికైంది రా," అన్నాడు. ఇంకాస్త దూరం పోయాక, "ఆ పెద్దమనిషిని గేటు కాడ కూసోబెట్టుడేంది? సల్లగాలి తగుల్తది. ఆ దగ్గు మంచిది కాదు," అని నన్ను కోప్పడ్డాడు. నాలుగు నెలల్లో బావ ఇంకొకరి గురించి ఆలోచించడం అదే మొదలు. తిట్లు తింటూ నేను నవ్వుకున్నాను.

మర్నాడు నేను వెళ్లేసరికి బావ వాకిట్లో సిద్ధంగా నిలబడి ఉన్నాడు, చేతిలో ఫ్లాస్కుతో. మిరియాలు, శొంఠి, వేపాకు వేసి తనే కాచిన కషాయం. ఇప్పటికి రెండు నెలలు. హరిలాల్ అన్న మళ్లీ మా మధ్యే కూర్చుంటున్నాడు. రోజూ బావ గ్లాసు నిండా పోసి, ఆఖరి చుక్క దాకా ఎదురుగా నిలబడి తాగిస్తాడు. గొంతులో ఏ జబ్బూ లేని ఆ మనిషి నా వైపు దీనంగా చూసి, దగ్గు తగ్గినట్టే ఉందంటాడు.

"పూర్తిగ తగ్గాలె అన్నా," అని బావ ఇంకో అరగ్లాసు పోస్తాడు.