ఒట్టు వద్దన్న మామయ్య

నడికుడి మామయ్య పోయారు. పొద్దున్నే వాళ్ల కోడలు ఫోన్ చేసి, "నిద్రలోనే పోయారక్కా" అంది. మా ఆయన ఆ మాట వినగానే అరుగు మీద కూలబడ్డాడు. నాకైతే ముందు కోపమొచ్చింది. అంత తొందరేమొచ్చింది ఈ మనిషికి అనుకున్నాను.

వరసకు మాకేమీ కారు. రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఒకప్పుడు తాగుడుతో ఉద్యోగం పోయేదాకా తెచ్చుకుని, ఆసుపత్రిలో చేరి బయటపడ్డ మనిషి. ఆ తర్వాత ఎవరింట్లో తాగుడు గొడవ ఉందని తెలిసినా పిలవకుండానే వెళ్లేవారు. గురజాలలో మా ఇంటికీ అలాగే వచ్చారు.

మా వైపు ఒక అలవాటుంది. మగవాడి చేత తాగుడు మాన్పించాలంటే పిల్లల తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయిస్తారు. మా అత్తగారు కూడా మా పాప తల మీద కొడుకు చేత ఒట్టు వేయించారు. వారం తిరక్కుండానే మా ఆయన తాగాడు. ఆ వెంటనే పాపకు జ్వరం తగులుకుంది. "నీ ఒట్టే తగిలిందిరా!" అని అత్తగారు గుండెలు బాదుకున్నారు. మా ఆయన అన్నం మానేసి, చేలో గుడిసెలో పడి మరింత తాగాడు. ఇంట్లో ఒకటే దిష్టితీతలు, మొక్కులు.

మామయ్య వస్తూనే పాప నుదుటి మీద చెయ్యి వేసి చూసి, ఆటో పిలిపించారు. డాక్టరు డెంగీ అన్నాడు. పాపను ఆసుపత్రిలో చేర్చాక ఆయన నేరుగా చేలోకి వెళ్లి మా ఆయన పక్కన చతికిలబడ్డారు.

"ఒరేయ్ అబ్బాయ్, పిల్లకి జ్వరం దోమ వల్ల వచ్చింది. నీ వల్ల కాదు."

మా ఆయన భోరుమన్నాడు. ఇంటికొచ్చి మామయ్య అత్తగారిని మాత్రం వదల్లేదు. "తాగుడూ జబ్బే. జబ్బు చేస్తే ఆసుపత్రికి తీసుకుపోవాలి గానీ, పసిదాని తల అడ్డం పెడతారేంది అక్కయ్యా? మాట తప్పినోడు ఆ సిగ్గుతో ఇంకా తాగుతాడు. నేనూ అట్టాగే తాగా."

పాప తేరుకున్నాక, మా ఆయన్ని గదిలో పెట్టి తాళం వేస్తే సరిపోదా అన్నాను. మామయ్య కసిరారు. "ఇన్నేళ్లు తాగిన ఒళ్లు. ఉన్నట్టుండి ఆపితే ఫిట్సొస్తయ్. డాక్టరు కళ్లముందే మానాలి." గుంటూరు ఆసుపత్రిలో చేర్పించి, వార్డు బయట బెంచీ మీద వేరుశనక్కాయలు వలుచుకుంటూ కూర్చున్నారు. నన్నూ కౌన్సెలింగుకు పంపారు. తాగింది ఆయనైతే నాకెందుకన్నాను.

"మొగుడు గడప తొక్కగానే నోరు వాసన చూసే ఉద్యోగం చేస్తున్నావు గదా అమ్మాయ్. దానికి రాజీనామా చేద్దువుగానీ, పో."

ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి.

ఒకసారి పెళ్లి ఊరేగింపులో మా ఆయన మళ్లీ తాగాడు. నేను విరుచుకుపడబోతే మామయ్య అడ్డమొచ్చారు. "ఇదివరకు దాచేవాడు. ఈసారి తనే వచ్చి చెప్పాడు. అది చానా నయం. పదండి డాక్టరు దగ్గరికి." ఆ రోజు మామయ్య ఒక్క మాట తూలి ఉంటే మా సంసారం ఏమయ్యేదో.

మూడో రోజు చిన్నకర్మకు నడికుడి వెళ్లాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టడం మాలో ఆచారం. గారెలు, కోడికూర వడ్డించాక మామయ్య బావమరిది జేబులోంచి క్వార్టర్ సీసా తీశాడు. "ఎంతైనా వయసులో ఇష్టపడ్డది. పెట్టకపోతే ఆత్మ ఊరుకోదు. పొయ్యరా" అని, పక్కనే ఉన్న మా ఆయనకు అందించాడు. చుట్టూ బంధువులంతా చూస్తున్నారు. అలాంటి చోట పెద్దల మాట కాదనడం చిన్న విషయం కాదు. లేచి ఆ సీసా లాక్కుందామనుకుని, ఆగిపోయాను.

మా ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నాకివ్వమాక బాబాయ్. ముట్టుకుంటే నేనాగలేను. ఎవరన్నా దాన్ని తీసెయ్యండి" అని అంతమందిలో పైకే అన్నాడు.

చివరికి మామయ్య కోడలే వచ్చి సీసా తీసుకుని లోపలికి వెళ్లింది. మా ఆయన నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. ఆయన చేతిని నా ఒళ్లోకి తీసుకున్నాను. కోడలు చెంబుతో తిరిగొచ్చి, విస్తరి పక్కనున్న గ్లాసు నిండా మంచినీళ్లు పోసింది.