ఎర్రమ్మత్త గాజులు

మా చిన్నప్పుడు... భావనపాడులో ట్యూషన్ టీచరు ఓ సాయంత్రం ‘యూజువల్’ అనే మాట నేర్పారు. ఎప్పుడూ జరిగేది, అలవాటైపోయినది, చూసి ఎవరూ ఆశ్చర్యపోనిది... అదీ అర్థం. తలా ఓ ఉదాహరణ చెప్పమన్నారు. మా నాన్న కొట్టు కట్టేసేముందు అగరొత్తి వెలిగిస్తాడని చెప్పాను. కోమట్ల పిల్లకి అంతకంటే ఏం తడుతుంది!

నా పక్కనున్న నూకాలు లేచింది. యూజువల్‌గా వాళ్ళయ్య పొద్దుగూకే వేళకి చేపల వేట నుంచి వస్తాడని, వాళ్ళమ్మ కాళ్ళ మీద నీళ్ళు పోస్తుందని చెప్పింది.

అందరం తలలు తిప్పి చూశాం. వానలకు ముందే వాళ్ళయ్య సముద్రం మీదికి వెళ్ళాడు. తెప్ప ఒడ్డుకి కొట్టుకొచ్చింది గానీ మనిషి రాలేదు. అది ఇదివరకటి మాట కదమ్మా, అని టీచరు మెల్లగా అన్నారు.

"కాదండి. నిన్న కూడా వచ్చేడు" అంది నూకాలు.

దారిలో నా చెయ్యి పట్టుకుంది. మర్నాడు పెద్దలు కూర్చుని వాళ్ళయ్య దినాలకి రోజు పెడతారట, వాళ్ళమ్మ గాజులు తీయించేస్తారట. "నా మాటెవలూ నమ్మట్లేదే. నువ్వొచ్చి సూడు. సూసింది మా పెదనాన్నకి సెప్పు."

అట్నుంచటే వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ ఇళ్ళలో మగవాళ్ళు ఇసక కాళ్ళతో గడప దాటరు... గుమ్మం ముందు రాయి మీద నిలబడితే ఆడవాళ్ళు నీళ్ళు పోస్తారు. తెప్పలు లాగుతున్న కేకలు వినపడగానే, నూకాలు వాళ్ళమ్మ ఎర్రమ్మత్త చెంబుతో వచ్చింది. ఎవరూ లేని రాయి మీద నీళ్ళు వంపుతూ, ఇంత ఇసకేటని విసుక్కుంది కూడా. రాయంతా తడిసింది... రెండు పాదాలు ఆనేంత చోటు తప్ప.

మర్నాడు వాళ్ళింట్లో నూకాలు పెదనాన్న అందరి ముందూ అడిగాడు.

"పాపా... నువ్వేటి సూసేవు?"

చూసిందే చెప్పాను. ఆయన ఆ రాయి వంక చూశాడు. తర్వాత కండువా దులుపుకుని, రాయిని తొక్కకుండా పక్కనుంచి దిగి వెళ్ళిపోయాడు. గాజుల ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

అన్నేళ్ళూ ఆ రాయి మీద నీళ్ళు పోస్తూనే ఉండి, నిరుడు ఎర్రమ్మత్త పోయింది. చేతినిండా గాజులతోనే సాగనంపామని నూకాలు ఫోన్లో చెప్పి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఇప్పుడు పడవ కాస్త ఆలస్యమైతే ఫోన్లు మోగుతాయి... గుమ్మంలో నిలబడే పని తప్పింది. మంచిదే. కానీ ఒక మనిషి కోసం మరో మనిషి అంతకాలం నిలబడటం నేను మళ్ళీ చూడలేదు. మీరెవరైనా చూసుంటే రాయండి... రాత్రిళ్ళు భయం కాబట్టి పట్టపగలే చదువుకుంటాను.