కొండవైపు జరిగిన కారు

మారేడుమిల్లిలో రోడ్డు పొడవునా కార్లే. మా పాలకొల్లులో కారు బయటికి తీస్తే పెళ్లికో, ఆసుపత్రికో. ఇక్కడ కారే వేడుక. నెత్తిన గుడారాలు మోస్తున్నవి, లారీ చక్రాలంత చక్రాలున్నవి, ఒంటినిండా బురదను కడక్కుండా గొప్పగా ఉంచుకున్నవి. కొందరు వాగులోకి దింపి ఫొటోలు తీసుకుంటున్నారు. కొండకేసి చూసేవాళ్లు తక్కువ. ఫొటోలో కారు వెనకాల కొండ పడితే చాలు. వెదురుబొంగుల్లో కోడిమాంసం కాలుస్తున్న ఆడవాళ్లు, కార్లలోంచి వచ్చే పాటల హోరులోనే బేరాలు చేసుకుంటున్నారు.

మేం వెళ్లింది మా బావ కారులో. అక్క భర్త. ఉద్యోగమున్నన్నాళ్లూ కాలవగట్ల మీదే కారు తోలాడు. ఈమధ్య కుడికంటి చూపు మసకబారింది. ఇక తోలొద్దన్నాడు డాక్టరు. ఘాట్ రోడ్డులో తోలి చూపిస్తే ఇంకెవరూ తనని ఆపకూడదని అక్కతో పందెం వేసి, తోడుగా నన్నూ ఎక్కించుకున్నాడు.

ఊరు దాటాక ఘాట్ మొదలైంది. ఎడమవైపు లోయ. కారు మాటిమాటికీ కుడికి, కొండవైపుకి జరిగిపోతోంది. కాలవగట్టు మీద మావాళ్లందరూ అంతే. నీళ్లవైపు పోరు, అవతలి పక్కకే ఒరుగుతారు.

"ఏంటి బావా, ఇక్కడ కూడా కాలవుందా?" అన్నాను పక్కసీట్లోంచి.

"నీ వ్యాసాలేవో నువ్వు పేపర్లో రాసుకోవోయ్. తోలడం నాకొదిలెయ్."

"ఆయనకి చెప్పకురా, వినరు," అంది వెనకనుంచి అక్క. "మా పెళ్లినాడూ కారు ఆయనే తోలారు. పాపం పంతులుగారు దారంతా దణ్ణాలు పెట్టుకుంటూనే ఉన్నారు."

నాతోపాటు బావ కూడా నవ్వాడు.

ఆ తర్వాతిది కుడిచేతి మలుపు. లైట్లు వేసుకుని, హారన్ కొడుతూ ఎదురుగా జీపు వచ్చింది. మేం దాని దారిలో ఉన్నాం. "బావా!" అని అరిచాను. అప్పుడు తొక్కాడు బ్రేకు. రెండు బళ్లూ మూరెడు ఎడంలో ఆగాయి.

"ఏంటి మాస్టారూ, రోడ్డు మొత్తం మీదేనా? లైట్లేసుకొస్తుంటే కనబడదేంటండీ?" అన్నాడు జీపు నడిపే కుర్రాడు.

జీపు మమ్మల్ని తప్పించుకుని వెళ్లిపోయింది.

"కాలవగట్టు అలవాటండీ మీకు. అంతే," అంది అక్క.

బావ కారుని ఎడమవైపుకి తెచ్చాడు.

"అలవాటు కాదే. జీపు నాకు కనబడలేదు."

మలుపు దాటించి, వెడల్పున్న చోట కారు ఆపాడు. తాళం తీసి నా చేతిలో పెట్టాడు. చుట్టూ తిరిగి వచ్చి ఆయన సీట్లో కూర్చున్నాను. నా సీటు ఖాళీగా ఉన్నా ఆయన వెనక తలుపు తీశాడు.

"ముందు కూర్చో బావా."

"వద్దులేవోయ్. ముందు కూర్చుంటే కాలు ఊరుకోదు, బ్రేకు వెతుక్కుంటుంది."

అక్క పక్కనున్న సంచీ ఒళ్లోకి తీసుకుని ఆయనకి చోటిచ్చింది.