కాలేజీ మెట్ల మీద తిప్పయ్య సారు

అనంతపురం కాలేజీలో తల నెరిసేదాకా అడ్మిషన్ల సలహాదారుగా పనిచేసిన తిప్పయ్యకు ఆ రోజు వీడ్కోలు సభ. వాన జాడలేని ఉక్కలో శాలువా కప్పుకుని పొగడ్తలు వినీ వినీ అలసిపోయాడు. ఇల్లు చేరి నడుం వాల్చుదామని మెట్లు దిగుతుంటే, ధర్మవరంలో మగ్గం నేసే అరుణజ్యోతి ఎదురొచ్చింది. ఒకప్పుడు ఆమెను చదివించమని వాళ్ల నాయన్ను బతిమాలి, ఉత్తచేతులతో తిరిగొచ్చాడాయన.

"ఆ పొద్దు మా నాయన పంపలేదు సార్. నా పిల్లోళ్లు పెద్దోళ్లయినారు. ఇప్పుడు నేను చదవచ్చునా?"

ఆయన కాళ్లు లాగుతున్నాయి. రేపు కొత్త సారును అడగమని చెప్పబోయి ఆగాడు. శాలువా తీసేసి మెట్టుమీదే కూలబడ్డాడు.

"చదవచ్చు. కూచో తల్లీ. ఏం చదవాలని ఉండాది నీకు?"

"తెలుగు సార్," అంటూ ఆమె పక్కన కూర్చుంది.