మూలం చూపండి

పలాసలో టెక్కలి బస్సెక్కి, ఎప్పటిలాగే ఫోన్‌లో ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం పేజీలు దిద్దుతూ కూర్చున్నాను. కొత్తగా రాసేవాళ్లకు అక్కడి నియమాలు చెప్పే పని కూడా నాదే. పక్క సీట్లోని ఆమె చాలాసేపు చూసి, తన ఫోన్ నా ముందు పెట్టింది.

"బాబూ, ఇందులో నానూ రాసినాను. ఏటో అడుగుతన్నారు, సూడు."

వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊరి పేజీ అది. ‘మా వీధిలో ఇంటికొకరు కిడ్నీ జబ్బుతో పోయారు’ అన్న ఆమె వాక్యం పక్కన ఎవరో ‘మూలం చూపండి’ అని గుర్తు పెట్టారు.

"పెద్ద డాక్టర్లొచ్చి నీళ్లట్టుకెళ్లినారు, రగతం అట్టుకెళ్లినారు. ఆల్లకే దొరకనేదు ఈ జబ్బుకి మూలం. నన్ను సూపమంటే ఎక్కడ్నించి తెత్తాను?"

నాకు నవ్వు రాలేదు. మూలమంటే ఇక్కడ కారణం కాదు, ఆధారం అని చెప్పాను. పేపర్లోనో పుస్తకంలోనో అచ్చయి ఉండాలని, మనం కళ్లారా చూసింది లెక్కలోకి రాదని విడమరిచాను.

"మా ఇంటాయన పోతంటే పక్కనే ఉన్నాను. అదీ సెల్లదా?"

"చెల్లదమ్మా."

ఆమె ఫోన్ సంచిలో పడేసుకుని కిటికీ వైపు తిరిగింది. నందిగాం దాటినా మళ్లీ ఇటు చూడలేదు.

ఆ నియమం తప్పు కాదు. నా మంటంతా అదే.

ఇంటికొచ్చి ఆమె వాక్యానికి ఆధారం కోసం పాత పేపర్లన్నీ వెతికాను. ఆ వీధి గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. ఆ ఊరికి మంత్రి వచ్చి దండలు వేయించుకుని వెళ్లిన సంగతికి మాత్రం మూలాలు బోలెడు.