తుఫాను కార్డులు

బొంబాయి వాళ్లకు తుఫానంటే తెలియదని నేననను. పేపర్లో చదివే ఉంటారు. వాళ్లు రాసి మాకు అమ్మిన జీతాల లెక్కల కంప్యూటర్ ప్రోగ్రాం, ఆ ప్యాకేజీకి మాత్రం తెలియదు. పని రోజున మనిషి రాకపోతే గైరుహాజరు, గైరుహాజరైతే సర్వీసు తెగినట్టు. దాని బుర్రకు అంతకు మించి ఎక్కదు.

ఎనభైల మొదట్లో విశాఖ పోర్టులో ఓడలకు సరుకెక్కించే ఒక ప్రైవేటు కంపెనీలో, కంప్యూటర్ గదిలో పనిచేసేదాన్ని. సముద్రం మీద తుఫాను ఉందని పోర్టులో ప్రమాద సూచిక ఎగరేస్తే గేటు మూసేస్తారు, కూలీలెవరూ లోపలికి రాలేరు. అలాంటి రోజుల్ని గైరుహాజరు కింద పట్టకుండా ఒక చిన్న సవరణ రాసి, గులాబీ రంగు అట్ట కార్డుల మీద చిల్లులుగా పంచ్ చేశాను. బొంబాయి ప్రోగ్రాం టేపు మీద వచ్చేది, అందులో ప్రతి వరుసకూ ఒక నంబరు. 'ఫలానా నంబరు తర్వాత దీన్ని చేర్చు' అని నా కార్డులు మెషీన్‌కు చెప్పేవి. వాళ్ల టేపు జోలికి పోకుండా నా సవరణలు విడిగా డబ్బాలో దాచుకుని, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మళ్లీ చేర్చుకునేదాన్ని. పాత టేపు మాత్రం చెరపనిచ్చేదాన్ని కాదు. వాళ్లు ఎక్కడేం మార్చారో పోల్చి చూసుకోవాలంటే అదొక్కటే దిక్కు. గదిలో అందరూ వాటిని తుఫాను కార్డులనేవారు. నాకూ కాస్త గర్వంగానే ఉండేది, అబద్ధం ఎందుకు.

మా పక్క వాటాలో ఒకాయన ఉండేవాడు. చుట్టరికం లేదు, మావయ్యా అని పిలిచేదాన్ని. సబ్బవరం వైపు నుంచి వచ్చి మా కంపెనీలోనే ఓడల్లోకి సరుకెత్తే విన్చి నడిపేవాడు. ఏళ్ల తరబడి క్యాజువలే. ఏటేటా సర్వీసు తెగనివాళ్లను పర్మినెంట్ చేస్తామని కంపెనీ ఒప్పుకున్నప్పటి నుంచి ఆయన నడకే మారిపోయింది. పర్మినెంటైతే భార్య ఉబ్బసానికి కంపెనీ డిస్పెన్సరీలో మందులిస్తారు. ఆయనకు కావలసింది అదే.

సరిగ్గా అప్పుడే కొత్త వెర్షన్ పట్టుకుని బొంబాయి ఇంజనీరు దిగాడు. నా గులాబీ కార్డుల్ని రెండు వేళ్లతో ఎత్తి చూసి, బయటివాళ్ల సవరణలుంటే తమ కంపెనీకి బాధ్యత లేదన్నాడు.

"తీసేయండి" అన్నారు మేనేజరు.

"తీసేస్తే తుఫాను రోజులన్నీ గైరుహాజరైపోతాయి సార్."

"కొత్త వెర్షన్లో అన్నీ ఉంటాయిలేమ్మా."

టేపులు తక్కువగా ఉన్నాయని కొత్తదాన్ని పాత టేపు మీదే ఎక్కించేశారు. వద్దు మొర్రో అంటున్నా నా మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

పర్మినెంట్ అయినవాళ్ల పేర్లు గేటు దగ్గర అంటించారు. మావయ్య పేరు లేదు. సాయంత్రం మా గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"ఏటమ్మా ఇది? నాను ఎప్పుడు మానేసినాను? గాలేసిన దినాలు గేటు మూసింది ఆల్లే గదా!"

"నేను చూస్తాను మావయ్యా" అన్నాను. అంతకంటే ఏం చెప్పను?

తీరా చూస్తే కొత్త వెర్షన్లో వరుసల నంబర్లన్నీ మారిపోయాయి. నా కార్డులు వెళ్లమన్న చోట ఇప్పుడు పీఎఫ్ లెక్కలున్నాయి. పోల్చుకుందామంటే పాత టేపు లేదాయె. కొత్త ప్రోగ్రాం అచ్చు తీసిన కాగితాల దొంతర మీద కళ్లు పోయేలా కూర్చుని, సరైన చోటు పట్టుకుని, కార్డులు కొత్తగా పంచ్ చేసి మేనేజరు దగ్గరికి పరిగెత్తాను. జాబితా మీద సంతకాలైపోయాయి, మెషీన్ ఇచ్చినదాన్ని చేత్తో దిద్దితే రేపు అందరూ మీద పడతారన్నారు. మెషీన్‌తోనే మళ్లీ తీయిస్తానన్నా ఒప్పుకోలేదు, ఇకముందు లెక్కలకు మాత్రం కార్డులు పెట్టుకోమన్నారు. ఆ సవరణను ప్యాకేజీలోనే కలిపేయమని బొంబాయికి రాశాను. మిగతా కస్టమర్లకు ఆ అవసరం లేదని జవాబొచ్చింది. ఆ కస్టమర్ల ఊళ్లకు సముద్రం లేదు కాబోలు! ఆ తర్వాతి వెర్షన్లో నంబర్లు మళ్లీ మారాయి, మళ్లీ నా కార్డులు తీయించేశారు. నాకిక పోట్లాడే ఓపిక లేకపోయింది. ఆ డబ్బాను బీరువా అడుగుకు తోసేశాను.

ఆ ఏడు మళ్లీ ప్రమాద సూచిక ఎగిరింది. కంప్యూటర్ గది కిటికీలు బిగించి బయటికొచ్చేసరికి నా వెనకే గేటు మూసేశారు. కూలీలంతా ఎప్పుడో ఇళ్లకు పోయారు. అంత వానలో గోనెసంచి నెత్తిన కప్పుకుని మావయ్య ఒక్కడే గేటు పక్కన నిలబడి ఉన్నాడు.

"ఏం చేస్తున్నావ్ మావయ్యా ఇక్కడ? ఇవాళ గేటు తీయరు, ఇంటికి పద" అని కసిరాను.

ఆయన కదల్లేదు. మొహం మీది వాన నీళ్లు తుడుచుకుని నా వైపు చూశాడు.

"నానొచ్చినట్టు నువ్వు సూసినావు గదమ్మా. నీ మిషన్‌కి సెప్పు."